ఆన్‌లైన్‌లో ఇంటి ప్లాన్ పెట్టాం, ముందు సెట్‌బ్యాక్ 0.81 అంటోంది. తేడా ఎక్కడ?

పడమటి_వాకిలి:
అందరికీ నమస్కారం. హైదరాబాద్ శివార్లలో ఒక మున్సిపాలిటీ పరిధిలో నాన్నగారు ఇల్లు మొదలుపెడుతున్నారు. ప్లాటు 180 గజాలు, 30 అడుగుల వెడల్పు, 54 అడుగుల పొడవు, రోడ్డు పడమర వైపు. కింద ఒక పోర్షను, పైన ఒక పోర్షను, అంతే. ఎల్‌టీపీ గారు (ప్లాన్ గీసి పెట్టే లైసెన్సు ఉన్న ఇంజనీరు) పోర్టల్‌లో డ్రాయింగ్ అప్‌లోడ్ చేస్తే కంప్యూటర్ స్క్రూటినీలో ఫెయిల్ అని వచ్చింది. రిపోర్ట్‌లో చాలా ఎర్ర గీతలున్నాయి. ముఖ్యమైనది ఇది: ముందు సెట్‌బ్యాక్ (ప్లాటు అంచుకీ ఇంటికీ మధ్య వదలాల్సిన ఖాళీ) ఉండాల్సింది 1.50 మీటర్లు, ఉన్నది 0.81. డ్రాయింగ్‌లో మాత్రం 1.50 అని స్పష్టంగా రాసి ఉంది, నేనే కళ్లారా చూశాను. సాఫ్ట్‌వేర్ తప్పు అంటున్నారు ఆయన. ముహూర్తం దగ్గర పడుతోందని నాన్నకి టెన్షన్. నిజంగా సాఫ్ట్‌వేర్ తప్పేనా?

కొలత_టేపు:
మేడమ్, నేనూ లైసెన్సు ఉన్న ఇంజనీర్నే, రోజూ ఈ డ్రాయింగులతోనే పని. 0.81 అనే అంకె ఊరికే రాదు. ఒక్క విషయం చెప్పండి, మీ ఇంటి ముందు రోడ్డు వెడల్పు ఎంత? లేఅవుట్ కాగితంలో ఉన్నది వద్దు, నేల మీద టేపు పెట్టి ఈ అంచు నుంచి ఆ అంచుకి కొలిస్తే ఎంత వస్తుంది?

పడమటి_వాకిలి:
తమ్ముణ్ని పంపి కొలిపించాను. 25 అడుగులు.

కొలత_టేపు:
అయితే సాఫ్ట్‌వేర్ సరిగ్గానే చెప్పింది. లెక్క చూడండి.

25 అడుగులంటే 7.62 మీటర్లు. పాత కాలనీల్లో మన నిబంధన ప్రకారం ఇళ్ల ముందు రోడ్డు 9 మీటర్లు ఉండాలి. అంత లేకపోతే రోడ్డు మధ్య గీత నుంచి మీ వైపు 4.5 మీటర్లు వదలాలి. ఇప్పుడు మధ్య నుంచి మీ ప్లాటు అంచుకి ఉన్నది 3.81. అంటే మీ స్థలంలోంచి 0.69 మీటర్లు రోడ్డుకి పోతుంది. సెట్‌బ్యాక్ కొలవాల్సింది ఆ కొత్త గీత నుంచి, ఇప్పటి అంచు నుంచి కాదు. 1.50 లోంచి 0.69 తీసేయండి. 0.81. మీ రిపోర్ట్‌లో అంకె అదే.

మీ ఎల్‌టీపీ గారు రోడ్డు విస్తరణ గీత అయితే గీశారు, లేకపోతే కంప్యూటర్‌కి ఆ సంగతే తెలిసేది కాదు. గీత గీసి, ఇంటిని మాత్రం వెనక్కి జరపలేదు. డైమెన్షన్ పాత అంచు నుంచి పెట్టారు కాబట్టి మీ కంటికి 1.50 కనిపించింది. ఆ సాఫ్ట్‌వేర్ మనం రాసిన అంకెల్ని చదవదు, గీతల మధ్య దూరాన్ని కొలుస్తుంది. ఇది మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి.

పోయేది ఎంతంటే, 9.14 మీటర్ల వెడల్పు మీద 0.69 అంటే 6.3 చదరపు మీటర్లు, సుమారు ఏడున్నర గజాలు. మిగిలిన స్థలం 144 చదరపు మీటర్ల పైనే. 100 నుంచి 200 చదరపు మీటర్ల శ్లాబులోనే ఉంటారు. కాబట్టి ముందు 1.5, మిగతా మూడు వైపులా 1 మీటరు అన్న లెక్క మారదు. ఇంటి పొడవు 13.96 నుంచి 13.27కి తగ్గుతుంది.

పడమటి_వాకిలి:
అన్నా, చాలా థ్యాంక్స్. ఇంత స్పష్టంగా ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. కానీ నాన్నకి చెబితే బాధపడ్డారు. రిజిస్ట్రేషన్ చేయించుకున్న సొంత స్థలం ఎందుకు వదలాలి, అటూ ఇటూ ఇళ్లన్నీ అంచు దాకా కట్టేశారు కదా అంటున్నారు.

ఇటుక_సిమెంటు:
మీ నాన్నగారు అన్నది నిజమే. నేను ఇరవై ఏళ్ల నుంచి కాంట్రాక్టులు చేస్తున్నా. కంప్యూటర్ అడిగినట్టు గీసి పర్మిషన్ తీసుకోండి, కట్టేటప్పుడు మీకు కావాల్సినట్టు కట్టుకోండి. మన దగ్గర పనులు ఇలాగే జరుగుతాయి. తర్వాత ఎలాగూ రెగ్యులరైజేషన్ స్కీమ్ వస్తుంది.

విశ్రాంత_ప్లానర్:
పై సలహాతో నేను గట్టిగా విభేదిస్తున్నాను. టౌన్ ప్లానింగ్‌లో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మేము ఉద్యోగంలో చేరినప్పుడు ప్లాన్ అంటే అమోనియా వాసన కొట్టే ప్రింటు. సెట్లు సెట్లుగా తెచ్చేవారు. ఫైలు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి వెళ్లడానికి నెలలు పట్టేది. ఆ పద్ధతిలో ఒక సంగతి ఉండేది: తప్పు ఉంటే పర్మిషన్ ఇచ్చే ముందే ఎవరో ఒకరు పట్టుకునేవారు, లేదా పట్టుకోవాల్సిన బాధ్యత వాళ్లదయ్యేది. 2020లో తెలంగాణ ప్రభుత్వం భవన అనుమతుల కోసం బీపాస్ చట్టం తెచ్చింది, ఆ నవంబరులో పోర్టల్ మొదలైంది. దాంతో ఆ బాధ్యత తిరగబడింది. 75 గజాల లోపు, 7 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి సొంత ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి. అంతకంటే పెద్దవాటికి సింగిల్ విండో, 21 రోజుల గడువు, ఆలోగా ఏ సంగతీ చెప్పకపోతే అనుమతి వచ్చినట్టే లెక్క. 2025లో బిల్డ్‌నౌ వచ్చి ఆ పోర్టల్ స్థానం తీసుకుంది. కానీ మూలసూత్రం అదే.

అమ్మా, ఆ సొంత ధ్రువీకరణ అన్న మాటని మీ నాన్నగారితో కూర్చుని ఒకసారి చదవండి. స్థలం నాది, కొలతలు నిజం, నిబంధనల ప్రకారమే కడతాను, తేడా ఉంటే చర్యకు ఒప్పుకుంటున్నాను అని సంతకం పెడుతున్నది మీ నాన్నగారు. అనుమతి ఇచ్చాక 21 రోజుల్లో వెరిఫికేషన్‌కి వస్తారు. చెప్పింది అబద్ధమైతే అనుమతి రద్దు చేయొచ్చు. ప్లాన్‌కి విరుద్ధంగా కడితే నోటీసు ఇవ్వకుండానే కూల్చే అధికారం ఆ చట్టంలోనే రాసి ఉంది. పాత రోజుల్లో నోటీసు, సమాధానం, స్టే అంటూ ఏళ్లు గడిచేవి. ఇప్పుడు అలా గడుస్తుందని నమ్మి ఇల్లు కట్టకూడదు.

స్కీమ్ వస్తుందన్న ఆశ సంగతి కూడా చెబుతాను. 2015లో వచ్చిన బీఆర్ఎస్‌కి (భవనాల క్రమబద్ధీకరణ పథకం) దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు హైకోర్టు కేసు వల్ల ఏళ్ల తరబడి ఎదురుచూశారు. ఫీజు కట్టి, ఇల్లు క్రమబద్ధం కాక, అమ్ముకోలేక ఇబ్బంది పడినవాళ్లని నేను ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడాను. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా ప్లాన్‌కి తగ్గట్టు కట్టినట్టు ధ్రువపత్రం చూశాకే కరెంటు, నీళ్లు, బ్యాంకు రుణాలు ఇవ్వాలని చెప్పింది. రిటైరైన మనిషి జీవితకాలం పొదుపు ఆ ఇంట్లో పెడుతున్నాడు. అలాంటాయనకి ఇటుక_సిమెంటు గారు చెప్పిన దారి చూపించడం న్యాయం కాదు.

పక్కవాళ్లు అంచుదాకా కట్టారంటే, ఆ ఇళ్లు ఏ కాలంలో, ఏ నిబంధన కింద కట్టారో మనకి తెలియదు. వాళ్లు మళ్లీ కట్టుకునే రోజున వాళ్లూ వదలాల్సిందే. ఆ వీధిలోకి ఫైరింజను, అంబులెన్సు రావాలంటే ఎవరో ఒకరు ముందు వదలాలి.

ఇటుక_సిమెంటు:
సార్, మీ అనుభవం ముందు నేనెంత. కానీ చిన్న స్థలాల వాళ్ల బాధ కూడా చూడాలి. 100 గజాల్లో అన్ని వైపులా వదిలితే ఇంక గదులు ఎక్కడ పెట్టాలి?

విశ్రాంత_ప్లానర్:
ఆ బాధ నాకు తెలుసు. అందుకే 2012 నాటి భవన నిబంధనల జీవో 168లో స్థలం తగ్గే కొద్దీ సెట్‌బ్యాక్ కూడా తగ్గుతుంది. 100 చదరపు మీటర్ల లోపు స్థలాల్లో, ఎత్తు 7 మీటర్లు దాటకపోతే, పక్కల ఏమీ వదలక్కర్లేదు. ఇంకా తగ్గించాలని మీరు అడిగితే అది వాదించదగ్గ విషయమే, ప్రభుత్వాన్ని అడుగుదాం. కానీ కాగితం మీద ఒకటి, నేల మీద ఒకటి అన్నది వేరే సంగతి.

గోదారి_గట్టు:
మాది రాజమండ్రి. ఆంధ్రలో ఇంటి ముందు రోడ్డు సంగతి ఇలాగే ఉంటుందా?

కొలత_టేపు:
మీకు రూల్స్ పుస్తకం వేరు, 2017 నాటి జీవో 119, దాని సవరణలు. పోర్టల్ డీపీఎంఎస్. 2025లో అక్కడ కూడా సెల్ఫ్ సర్టిఫికేషన్ స్కీమ్ వచ్చింది, హైరైజ్ కాని ఇళ్లకి ఎల్‌టీపీ, యజమాని బాధ్యత తీసుకుని అనుమతి పొందొచ్చు. రోడ్డు, సెట్‌బ్యాక్ అంకెల కోసం ఆ పుస్తకంలో టేబుల్ చూడండి, తెలంగాణ అంకెలు వాడొద్దు. డ్రాయింగ్ తయారుచేసే తీరు మాత్రం రెండు చోట్లా దాదాపు ఒకటే.

పడమటి_వాకిలి:
విశ్రాంత_ప్లానర్ గారూ, మీరు రాసింది నాన్నకి చదివి వినిపించాను. అంతా విని, సరే వదులుదాం అన్నారు. కొలత_టేపు అన్నా, మిగతా ఎర్ర గీతల సంగతి కూడా చెప్పరా? "పాలీలైన్ క్లోజ్ కాలేదు: మెట్లు", "గది పేరు లేదు" (కానీ పేరు ఉంది!), "వంటగది వైశాల్యం తక్కువ" అని ఉన్నాయి.

కొలత_టేపు:
ఇది కొంచెం పొడుగ్గా రాయాలి. ఎందుకంటే చాలామంది యజమానులకి ఇది తెలియక, ఎల్‌టీపీ ఏం చెబితే అది నమ్ముతారు.

మామూలుగా మేస్త్రీకి ఇచ్చే ప్లాన్ కళ్లతో చదవడానికి గీసింది. గోడ, తలుపు, కిటికీ, అంకెలు కనిపిస్తే చాలు. పోర్టల్‌కి పెట్టే డ్రాయింగ్ వేరు. అందులో ఒక్కో వస్తువుకి ఒక్కో లేయరు. ప్లాటు హద్దుకి ఒకటి, రోడ్డుకి ఒకటి, విస్తరణలో పోయే భాగానికి ఒకటి, కట్టబోయే భాగానికి ఒకటి, ఒక్కో అంతస్తుకి, గదికి, మెట్లకి, బాల్కనీకి, పార్కింగ్‌కి విడివిడిగా. ప్రతిదీ మొదలైన చోటే ముగిసే గీతగా గీయాలి. మొదటి బిందువుకీ చివరి బిందువుకీ మధ్య వెంట్రుకంత ఖాళీ ఉన్నా అది వైశాల్యం లెక్కకి అందదు. మీ మెట్ల గీత అదే. జూమ్ చేసి చూస్తే ఎక్కడో మూల కలవకుండా ఉంటుంది. మూసేస్తే పోతుంది.

గది పేరు: పేరు ఆ గది గీత లోపలే ఉండాలి, అదే లేయరులో ఉండాలి. చిన్న బాత్రూములో అక్షరాలు పట్టక కొంచెం బయటికి జరిపి ఉంటారు. మన కంటికి పేరు ఉన్నట్టే కనిపిస్తుంది, కంప్యూటర్‌కి అది ఇంకెవరిదో పేరు. అక్షరాల సైజు తగ్గించి లోపల పెట్టించండి.

వంటగది మాత్రం నిజమైన లోపం. జాతీయ భవన నియమావళి ప్రకారం వంటగది 5 చదరపు మీటర్లు, వెడల్పు 1.8 మీటర్లకి తగ్గకూడదు. నివాస గది 9.5 చదరపు మీటర్లు, వెడల్పు 2.4. గీత గోడ లోపలి అంచు నుంచి కొలుస్తుంది, గోడ మధ్య నుంచి కాదు. ఇప్పుడు ఎలాగూ 0.69 తగ్గించాలి కాబట్టి ఆ తగ్గింపు వంటగదిలోంచి తీయనివ్వకండి. హాల్లోంచి తీయించండి. నేనైతే సిటౌట్ కొంచెం తగ్గించి హాలుకి కలుపుతాను.

ఇంకో పెద్ద తప్పు యూనిట్లు. మన వాళ్లు అడుగుల్లో, అంగుళాల్లో గీసి చివర్లో మీటర్లకి మారుస్తారు. డ్రాయింగ్ అసలు కొలతకి, మీటర్లలోనే ఉండాలి. మార్చేటప్పుడు స్కేలు తేడా వస్తే 180 గజాల ప్లాటు కాస్తా ఎకరాల్లో కనిపిస్తుంది, అప్పుడు ఇన్‌స్టంట్ అనుమతి కాకుండా పెద్ద భవనాల దారిలోకి వెళ్లిపోతుంది.

ఎత్తు కూడా చూసుకోండి. మీది కింద, పైన రెండే అంతస్తులు కదా. ప్లింత్‌తో (నేల మీంచి కింది ఫ్లోరు దాకా ఉండే ఎత్తు) కలిపి 7 మీటర్లు దాటకుండా సెక్షన్ (నిలువు కోత బొమ్మ) గీయించండి. 0.60 ప్లింత్, 3 మీటర్ల చొప్పున రెండు అంతస్తులు అంటే 6.60, సరిపోతుంది. మెట్ల గది, నీళ్ల ట్యాంకు ఎత్తులోకి రావు. 200 చదరపు మీటర్ల లోపు స్థలంలో 7 మీటర్ల లోపు ఉంటే, ప్లాన్ ప్రకారమే కడతామన్న హామీగా కట్టే భాగంలో 10 శాతం మున్సిపాలిటీకి తనఖా రిజిస్ట్రేషన్ చేసే పని తప్పుతుంది. 7 దాటితే ఆ పని కూడా నెత్తిన పడుతుంది.

డాలస్_ఓరుగల్లు:
వరంగల్‌లో మా అమ్మానాన్నల కోసం ఇల్లు కట్టిస్తున్నాను, నేను టెక్సస్‌లో ఉంటాను. ఒక్క విషయం ఇక్కడ రాయాలనిపించింది. మా ప్లాన్ పెట్టిన మధ్యవర్తి పోర్టల్‌లో తన ఫోన్ నంబరు, తన ఈమెయిల్ ఇచ్చాడు. షార్ట్‌ఫాల్ నోటీసు (లోపాలు సరిచేయమనేది), ఫీజు కట్టమన్న మెసేజ్ అన్నీ అతనికే వెళ్లాయి. మాకేమో ఆఫీసులో ఆగింది అని చెబుతూ వచ్చాడు. ఫైలు స్టేటస్ మేం చూసుకునే వీల్లేకపోయింది. దయచేసి యజమాని నంబరే ఇవ్వండి. ఓటీపీ మీ ఇంట్లోవాళ్ల ఫోన్‌కే రావాలి. విదేశాల్లో ఉంటే అమ్మానాన్నల నంబరు ఇచ్చి, మెసేజ్ వస్తే ఫోటో తీసి పంపమని చెప్పండి.

పడమటి_వాకిలి:
ఇది చదివి వెంటనే చూశాను. మా దాంట్లో కూడా ఎల్‌టీపీ గారి అసిస్టెంట్ నంబరే ఉంది! ఈసారి నాన్న నంబరు పెట్టిస్తాను. థ్యాంక్స్ అన్నా.

సముద్రపు_అంచు:
సింగపూర్‌లో బిమ్ (భవనాల త్రీడీ మోడళ్లు చేసే) ఇంజనీర్ని, సొంతూరు కడప. ఇక్కడ 2001లోనే కోర్‌నెట్ అనే వ్యవస్థతో ప్లాన్లు ఆన్‌లైన్‌లో తీసుకోవడం మొదలైంది. ఇప్పుడు కోర్‌నెట్ ఎక్స్ అని కొత్తది వచ్చింది, పెద్ద కొత్త ప్రాజెక్టులకి 2025 అక్టోబరు నుంచి తప్పనిసరి. గీతల బదులు భవనం మొత్తాన్ని త్రీడీ మోడల్‌గా, ఐఎఫ్‌సీ-ఎస్‌జీ అనే ఫార్మాట్‌లో ఇవ్వాలి. ప్రతి తలుపుకి, గోడకి సమాచారం జత చేయాలి. అగ్నిమాపక, నీటి, రోడ్డు, పార్కుల శాఖలన్నీ ఒకే మోడల్‌ని ఒకేసారి చూసి, కలిసి ఒక జవాబు ఇస్తాయి. ఒక శాఖ మెట్లు ఇటు పెట్టమంటే ఇంకో శాఖ అటు పెట్టమనే గొడవ తగ్గించడానికే ఈ పద్ధతి.

నేను ఇది ఎందుకు రాస్తున్నానంటే, ఇంత చేసినా ఇక్కడా మనిషి బాధ్యత పోలేదు. అర్హత ఉన్న ఆర్కిటెక్టో ఇంజనీరో సంతకం పెట్టి నిలబడాలి. మోడల్‌లో తలుపు ఫైర్ రేటింగ్ తప్పు రాస్తే, తప్పు రాసినట్టు కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుంది? ఏ దేశంలోనైనా కంప్యూటర్ చూసేది మనం ఇచ్చిన బొమ్మని. నేలని చూడాల్సింది మనమే.

కొలత_టేపు:
ఈ మాట కోసమే ఎదురుచూస్తున్నాను తమ్ముడూ. మన దగ్గర నేను చూసే గొడవల్లో సగం సాఫ్ట్‌వేర్‌లో పుట్టవు, దస్తావేజుకీ నేలకీ మధ్య పుడతాయి. డాక్యుమెంట్లో 200 గజాలు ఉంటుంది, నేల మీద కొలిస్తే అంతకంటే తక్కువ ఉంటుంది. ఎల్‌టీపీ సైటుకి వెళ్లకుండా డాక్యుమెంట్ చూసి గీస్తాడు, స్క్రూటినీ హాయిగా పాస్ అవుతుంది. మార్కింగ్ చేసే రోజున మేస్త్రీ తాడు లాగితే పక్కవాళ్ల ప్రహరీలోకి వెళ్తుంది. అందుకే గీయడానికి ముందే నాలుగు వైపులా, రెండు మూలల అడ్డ కొలతా తీసుకోవాలి. దస్తావేజు, నేల రెండింటిలో ఏది తక్కువైతే దాని మీదే ప్లాన్ వేయించండి. హద్దుల్లో తూర్పు, పడమరలు తారుమారు అయి ఉంటే ముందు సవరణ దస్తావేజు చేయించుకోండి.

విశ్రాంత_ప్లానర్:
కాగితాల గురించి కూడా ఒక మాట. స్కాన్లు మసకగా పెట్టి తిప్పి పంపించుకునేవాళ్లు చాలామంది. లింకు డాక్యుమెంట్లలో (పాత యజమానుల దస్తావేజులు) స్టాంపు కాగితం వెనక వైపు కూడా స్కాన్ చేయాలి, రిజిస్ట్రేషన్ ముద్రలు అక్కడే ఉంటాయి. ఈసీ (ఆ స్థలం మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) 1983 నుంచి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, తీసుకుని ఒకసారి మీరే చదవండి. లేఅవుట్ అనుమతి లేని ప్లాటు అయితే ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) ప్రొసీడింగ్స్ జతచేయండి, లేకపోతే ఖాళీ స్థలం వాటా కింద 14 శాతం ఛార్జీలు కూడా పడతాయి. చెరువు దగ్గర్లో ఉంటే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు), దాని చుట్టూ వదలాల్సిన బఫర్ హద్దులు ప్లాటు కొనేముందే చూసుకోవాల్సింది. కొన్నాక అయినా, ప్లాన్ పెట్టే ముందు తప్పకుండా చూడండి. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చాక ఆ విషయంలో ఎవరికీ సందేహం ఉండక్కర్లేదు.

పడమటి_వాకిలి:
అప్‌డేట్: కొలత_టేపు అన్న చెప్పినట్టు ఇంటిని 0.69 వెనక్కి జరిపించాం, మెట్ల గీత మూయించాం, వంటగది పెంచి హాలు తగ్గించాం. డైనింగ్ చిన్నదైందని అమ్మకి కొంచెం బాధగానే ఉంది. మళ్లీ అప్‌లోడ్ చేస్తే స్క్రూటినీ పాస్ అయింది. ఫీజు కట్టమన్న మెసేజ్ నాన్న ఫోన్‌కే వచ్చింది, దాన్ని ఆయన అందరికీ చూపిస్తున్నారు. ఫీజు వివరాల్లో కార్మిక సెస్ అని కూడా ఉంది, అది సరైనదేనా?

విశ్రాంత_ప్లానర్:
సరైనదే అమ్మా. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమం కోసం 1996 చట్టంతో మొదలైన సెస్ ఇది, నిర్మాణ వ్యయం మీద 1 శాతం. సొంతానికి కట్టుకునే ఇంటి ఖర్చు చట్టంలో చెప్పిన పరిమితి లోపు అయితే ఉండదు, అంతకు మించితే కట్టాలి. రసీదు పీడీఎఫ్ దాచుకోండి.

పడమటి_వాకిలి:
కట్టేశాం సార్. అనుమతి పత్రం డౌన్‌లోడ్ అయింది. వెరిఫికేషన్‌కి వచ్చేవాళ్ల కోసం ఏం సిద్ధం చేయాలి?

కొలత_టేపు:
ముందు అనుమతి పత్రం, డ్రాయింగ్ రెండూ తెరిచి పేరు, సర్వే నంబరు, ప్లాటు నంబరు, వైశాల్యం మీ దస్తావేజుతో పోల్చండి. అనుమతి నంబరుతో బోర్డు రాయించి సైటు ముందు పెట్టండి. ప్లాటు మూలల్లో రాళ్లు పాతించండి, రోడ్డుకి వదిలిన గీత మీద ముగ్గు పోయించండి, వచ్చినవాళ్లకి కొలిచి చూపించొచ్చు. మేస్త్రీ దగ్గర పాత ప్లాన్ ప్రింటు ఉంటే తీసేసుకుని కొత్తది ఇవ్వండి. ఫుటింగ్ తవ్వకానికి మార్కింగ్ వేసే రోజున ఎల్‌టీపీ గారిని సైటుకి రప్పించి, ముందు పిల్లరు బయటి అంచు నుంచి ఆ ముగ్గు గీతకి 1.50 ఉందో లేదో మీ నాన్నగారి ముందే టేపు పెట్టించండి.